ఫ్లాస్కులో బాగానే వచ్చింది, రియాక్టర్‌లో ఎందుకు చెడింది?

ప్రశ్న: కాకతీయ యూనివర్సిటీలో ఎమ్మెస్సీ ఆర్గానిక్ చేసి, హైదరాబాద్ దగ్గర ఒక స్పెషాలిటీ కెమికల్స్ కంపెనీ ఆర్ అండ్ డీలో చేరాను. ల్యాబ్‌లో ఎన్నిసార్లు చేసినా ఒకేలా వచ్చిన ప్రాసెస్, ప్లాంట్‌లో మొదటి బ్యాచ్‌కే ఇంప్యూరిటీ లిమిట్ దాటింది. ప్రొడక్షన్ వాళ్లు నన్నంటున్నారు, నేను వాళ్లనంటున్నాను. ఒకటే టెన్షన్.
– ఒక పాఠకుడు, హనుమకొండ

జవాబు: ముందు ఆ గొడవ పక్కన పెట్టండి. నా అనుమానం మీ కెమిస్ట్రీ మీదా కాదు, ఆపరేటర్ మీదా కాదు, టైమ్ మీద. మీరు అరగంటలో చుక్కలు చుక్కలుగా వేసేసే రీఏజెంట్‌కు ప్లాంట్‌లో ఆరు గంటలు పట్టొచ్చు, రోటావేపర్ మీద చిటికెలో ఎగిరిపోయే సాల్వెంట్‌ను అక్కడ తీయడానికి రాత్రంతా పట్టొచ్చు. లీటరు ఫ్లాస్కు నుంచి అదే ఆకారంలో ఉన్న వెయ్యి లీటర్ల రియాక్టర్‌కు పోతే సరుకు 1000 రెట్లు పెరుగుతుంది, వేడి బయటికి పోయే గోడ మాత్రం 100 రెట్లే. పళ్లెంలో అన్నం ఎంతసేపట్లో ఆరుతుంది, పెళ్లి గుండిగలోది ఎంతసేపు పొగలు కక్కుతుంది, చూశారుగా.

అందుకే ఈసారి ల్యాబ్‌లోనే కావాలని ఆలస్యం చేయండి. ఎడిషన్‌ను, అంటే రీఏజెంట్ వేయడాన్ని, ఆరు గంటలు లాగండి. రియాక్షన్ అయిపోయిన మాస్‌ను అదే టెంపరేచర్‌లో తెల్లారేదాకా కలుపుతూ ఉంచి, మధ్యమధ్యలో శాంపిల్ తీసి హెచ్‌పీఎల్‌సీలో (శాంపిల్‌లో ఏది ఎంత ఉందో విడదీసి చూపే పరికరం) పెట్టండి. డిస్టిలేషన్ చివర్లో అడుగున మిగిలే చిక్కటి మాస్‌ను కూడా ప్లాంట్ రియాక్టర్ జాకెట్ (దాని చుట్టూ వేడినిచ్చే తొడుగు) ఎంత వేడి ఉంటుందో అంత వేడిలో ఉంచి చూడాలి, చాలాసార్లు దొంగ అక్కడే దొరుకుతాడు (డీఎస్‌సీ, అంటే చిటికెడు శాంపిల్‌ను మెల్లగా వేడి చేస్తూ చూసే పరీక్ష, చేసి అది ఏ వేడికి విడిపోతుందో తెలిశాకే, అదీ కొద్ది గ్రాములతోనే). ఆ ఇంప్యూరిటీ పెరుగుతూ కనిపించిందా, ఇక ఎవర్నీ అనాల్సిన పని లేదు, టెంపరేచర్ తగ్గించాలో, వ్యాక్యూమ్ పెంచాలో, ఆ స్టెప్పే మార్చాలో మీకే తెలిసిపోతుంది.

ఒక్క పని మాత్రం చేయకండి: టైమ్ కలిసొస్తుందని ఎడిషన్ వేగం పెంచడం. రియాక్ట్ కాని సరుకు లోపల పేరుకుపోయి ఒక్కసారిగా రియాక్షన్ అందుకుంటే, చల్లబరచడానికి జాకెట్‌లో తిప్పే ఏ బ్రైనూ (ఉప్పునీళ్లు) ఆపలేదు. అమెరికాలో ఫ్లోరిడాలోని టీ2 ల్యాబొరేటరీస్ వాళ్లది వేరే కథనుకోండి, లీటరు స్కేల్ ప్రయోగాల నుంచి నేరుగా 2,450 గ్యాలన్ల రియాక్టర్‌కు పోయారు. చాలా బ్యాచ్‌లు నడిచాయి కూడా. 2007 డిసెంబరు 19న 175వ బ్యాచ్‌లో వేడి చేయి దాటి రియాక్టర్ పేలింది, నలుగురు పోయారు. మూడు బ్యాచ్‌లు బాగా వచ్చాయి కదా అని ఎవరైనా అంటే నాకు ఇదే గుర్తొస్తుంది.

ప్రశ్న: బీటెక్ కెమికల్ మూడో ఏడాది. ప్రాసెస్ డెవలప్‌మెంట్‌లో చేరాలంటే కెమిస్ట్రీ బాగా రావాలా?
– ఒక విద్యార్థిని, కాజీపేట

జవాబు: రావాలమ్మా, కానీ మెకానిజాలన్నీ బట్టీ పట్టక్కర్లేదు. హీట్ బ్యాలెన్స్ (ఎంత వేడి పుడుతుంది, ఎంత బయటికి పోతుంది అనే లెక్క) కాగితం మీద వేయగలిగితే సగం పని అయినట్టే. ఇంటర్న్‌షిప్ దొరికితే ఏసీ రూమ్‌లో కూర్చోకుండా, గిర్రున తిప్పి క్రిస్టల్స్‌ను వడగట్టే సెంట్రిఫ్యూజ్ దగ్గర రెండు షిఫ్టులు నిలబడు, పిండిలాంటి సన్నటి క్రిస్టల్స్ వస్తే మదర్ లిక్కర్ (క్రిస్టల్స్ విడిపోయాక మిగిలే ద్రవం) దిగక ఆపరేటర్లు ఎంత అవస్థ పడతారో తెలుస్తుంది. ఇంటర్వ్యూలో ప్యాకేజీతోపాటు వాళ్లకు ల్యాబ్‌కూ ప్లాంట్‌కూ మధ్య స్కేల్‌లో చేసి చూసే కిలో ల్యాబ్, పైలట్ ప్లాంట్ ఉన్నాయా అని కూడా అడుగు.