ఆటమూల సర్దేటప్పుడు

చిరంజీవి లక్ష్మికి ఆశీస్సులు.

బాబుకి ఎనిమిదో నెల వచ్చింది, హాల్లో ఆటమూల సర్దుతున్నాను, ఏం కొనాలి అని అడిగావు. కొనేదాని కంటే ముందు తీసెయ్యాల్సింది చాలా ఉంటుంది.

నువ్వూ వాడిలాగే పాకుతూ హాలంతా ఒకసారి తిరుగు. సోఫా కింద చింతగింజ, వేలాడే ఛార్జర్ వైరు, లాగితే మీద పడే టేబుల్ క్లాత్... నిలబడితే కనపడనివన్నీ కనిపిస్తాయి. టిష్యూ రోలు అట్టగొట్టంలో దూరే వస్తువేదీ మూడేళ్ళు నిండేదాకా వాడి చేతికి అందకూడదు. కారు తాళాల్లో, పాటలు పాడే బొమ్మల్లో ఉండే బటన్ బ్యాటరీ అన్నిటికన్నా ప్రమాదం. గొంతులో ఇరుక్కుంటే రెండు గంటల్లోనే అన్నవాహిక కాలిపోతుంది. మింగాడని అనుమానమొచ్చినా వాంతి చేయించకుండా నేరుగా ఆసుపత్రికి తీసుకెళ్ళు.

అత్తగారు ముచ్చటపడ్డా సరే, కూర్చోబెట్టే చక్రాల వాకర్ మాత్రం వద్దు. వేలికొసలతో నేలను తన్నడం తప్ప నడక రాదు, మెట్ల దగ్గర తలకిందులవుతుంది. కెనడా 2004లోనే దాని అమ్మకం నిషేధించింది. పట్టుకుని నిలబడ్డాక మన మూడు చక్రాల చెక్కబండి మేలు, బరువు కాళ్ళ మీదే పడుతుంది. టైల్స్ మీద జర్రున జారిపోతే ఇరుసు దగ్గర చిన్న ఇసుకమూట కట్టు.

ప్రస్తుతానికి వంటింట్లో కింది అర ఒకటి వాడికి వదిలెయ్. మూత ఉన్న స్టీలు డబ్బా, చెక్కగరిటె, ఇడ్లీ ప్లేటు చాలు. గిన్నె కింద దాచిన గరిటె మాయం కాలేదని అర్థమయ్యే వయసిది, అదే ఆట పదిసార్లు ఆడతాడు. హాల్లో మోకాలెత్తు షెల్ఫు పెట్టి గోడకు స్క్రూలతో బిగించు, ఎక్కకుండా ఉండడు. దాని మీద ఆరు వస్తువులే ఉంచి, మిగతావి అటక మీద దాచి, పది రోజులకోసారి మార్చు. అన్నీ ఒకే బుట్టలో వేస్తే గుమ్మరిస్తాడు గానీ ఆడడు.

ఏడాది దాటాక విసరడం, ఒంపడమే ఆట. దాన్ని అల్లరనుకోకు. బేసిన్లో రెండంగుళాల నీళ్ళు, రెండు గ్లాసులు ఇవ్వు. ఫోను మోగినా పక్కనుంచి లేవకు, అయిపోగానే పారబోసెయ్. ఈ వయసులో తలే బరువు, బకెట్లోకి వంగి పడితే పైకి లేవలేడు.

రెండున్నర నుంచి గుజ్జనగూళ్ళ కాలం. రెండు కుర్చీల మీద పాత చీర కప్పితే ఇల్లు తయారు. ఏటికొప్పాక లక్కపిడతలు పెద్దవి చూసి కొను. కొండపల్లి బొమ్మలు అతుకుల పని, కొలువులోనే ఉండనీ. ఏ కూర వండాలో నువ్వు చెప్పకు.

నాలుగు దాటితే ముగ్గుపిండితో తొక్కుడుబిళ్ళ గీయి. ఇన్నాళ్ళూ ఏరిపారేసిన చింతగింజలు అయిదో ఏట వామనగుంటలకు పనికొస్తాయి, లెక్క దానంతటదే వస్తుంది. అప్పటికి ఇంట్లో ఇంకో పాకే బిడ్డ ఉంటే మాత్రం ఆ పీట మంచం మీదే వెయ్యి, లేచేటప్పుడు గింజలు లెక్కపెట్టి డబ్బాలో పొయ్యి.

మీ పెద్దమ్మ