మీ ఆయన ఎందుకు మాట్లాడలేదు?

ఉత్తరం:

"మేడం గారూ, నాకు 41 ఏళ్ళు. గుంటూరు పక్క పల్లె. పుట్టింటివాళ్ళు చర్చికి పోయేవాళ్ళు. నేను కాపురానికి వచ్చేసరికే మా మామగారు చర్చి వదిలి యూదుల సంఘంలో ఉన్నారు. మనం ఎఫ్రాయిము గోత్రం, చెదిరిపోయి ఇటు వచ్చిన ఇశ్రాయేలీయులం అని ఆయన నమ్మకం. నేనూ నేర్చుకున్నాను. ఇరవై మూడేళ్ళుగా ప్రతి శుక్రవారం పొద్దుగూకక ముందే షబ్బాత్ (శుక్రవారం సాయంత్రం మొదలయ్యే మా విశ్రాంతి దినం) దీపాలు వెలిగించాను. ఇంట్లోకి పందిమాంసం, రొయ్యలు రానివ్వలేదు. ఎనిమిది నెలల కిందట మా పెద్దవాడు లారీ కింద పడి పోయాడు. ఐటీఐ అయ్యి ఖాళీగా ఉన్నాడు, 19 ఏళ్ళు. కోల్డ్ స్టోరేజీలో మిర్చి టిక్కీలు (బస్తాలు) ఎత్తే పనికి పోతున్నాడు. అది శనివారం. డ్వాక్రా వాయిదా ఉందని పొమ్మన్నది నేను. బండి తాళం మా ఆయన ఇచ్చారు, ఆ సంగతి మామగారికి తెలియదు. ఏడో రోజున అందరి ముందూ ఆయన 'విశ్రాంతి దినం మీరిన ఇంట్లో ఇంతే. పంపిన తల్లి అనుభవించాలి' అన్నారు. ఇప్పటికీ వారం వారం ఏదో ఒక వంకన ఆ మాట వస్తూనే ఉంది. మా ఆయన తలొంచుకుని అన్నం తింటారు. నాకు అగ్గిపుల్ల గీయబుద్ధి కావట్లేదు. మాతో నిబంధన చేసుకున్న దేవుడైతే నా బిడ్డని ఎందుకు కాపాడలేదు? ఆ నిబంధన అబద్ధమా? మా అక్కావాళ్ళ చర్చికి తిరిగి పోనా?"

జవాబు:

అమ్మా,

మీ చివరి ప్రశ్న ముందు పక్కన పెట్టేస్తాను. చర్చికి పోవాలా, సినగాగులోనే, అంటే యూదుల మందిరంలోనే, ఉండాలా అన్నది ఇప్పుడు ఆలోచించకండి. బిడ్డ పోయి ఏడాది తిరగని మనిషి ఇల్లు అమ్మకూడదు, మతం మార్చకూడదు. పైగా అక్కడికి వెళ్ళినా మీకు కారణం చెప్పేవాళ్ళు సిద్ధంగా ఉంటారు. యేసుప్రభువును వదిలి వెళ్ళావు గనకనే ఇలా అయిందని మీ అక్కగారి పక్కింటావిడే అంటుంది. కారణాలు చెప్పేవాళ్ళకి ఏ మందిరంలోనూ కొరత లేదు.

ఈ శీర్షిక చదివే మిగతావాళ్ళకి ఒక మాట. గుంటూరు జిల్లాలో తెలుగు మాట్లాడే యూదులున్నారా అని ఆశ్చర్యపోకండి. చేబ్రోలు దగ్గర కొత్తరెడ్డిపాలెంలో వాళ్ళ సినగాగు ఉన్న సంగతి ఆ చుట్టుపక్కల అందరికీ తెలుసు. ఈ ఉత్తరం ఆ ఊరిది కాదు, ఏ ఊరో రాయను. బెనే ఎఫ్రాయిమ్ అంటారు, ఎఫ్రాయిము సంతానం అని. చాలామంది మాదిగపల్లెల్లో పుట్టినవాళ్ళే, రెక్కల కష్టం మీద బతికేవాళ్ళే. మణిపూర్, మిజోరం వైపు బెనే మెనాషే అని ఇంకో సంఘం ఉంది. వాళ్ళని 2005లో ఇజ్రాయెల్ ప్రధాన రబ్బీ (యూదుల మతగురువు) ఇశ్రాయేలీయుల వంశమేనని ఒప్పుకున్నాడు, వేలమంది వెళ్ళి స్థిరపడ్డారు. మనవాళ్ళకి ఆ గుర్తింపు రాలేదు. మీ మామగారి కోపం వెనక ఈ ఎదురుచూపు కూడా ఉందని నా అనుమానం. ఊరంతా నవ్వినా చర్చి వదిలి వచ్చిన మనిషి. తను ఎంచుకున్న దారిలో మనవడు పోయాడంటే తట్టుకోలేడు. దేవుణ్ణి అనలేడు, తనను తాను అనుకోలేడు. దొరికింది కోడలు.

ఆయన మీద నాకు జాలి ఉంది. ఆ మాటను మాత్రం మన్నించను.

నేను యూదురాలిని కాను. మా నాన్న లూథరన్ బడిలో పంతులు, పాత నిబంధన చిన్నప్పటి నుంచీ చెవినపడ్డది. యూదుల ధర్మచర్చల గ్రంథం తాల్ముడ్‌లో కొన్ని భాగాలు రిటైరయ్యాక ఇంగ్లీషులో చదువుకున్నాను. మీ మామగారికి గ్రంథమే కావాలంటే, గ్రంథమే చూపిద్దాం. బావా మెట్సియా అనే భాగం ఉంది, అందులో 58వ పత్రం. సరుకు అమ్మేటప్పుడు మోసం చేయకూడదని చెబుతూ, మాటతో చేసే అన్యాయం దాని కన్నా ఘోరం అంటుంది. దానికి ఉదాహరణలు ఇస్తుంది. జబ్బుపడ్డ మనిషితోనూ, బిడ్డల్ని పాతిపెట్టిన మనిషితోనూ యోబు స్నేహితులు యోబుతో మాట్లాడినట్టు మాట్లాడకూడదు అని ఉంది. యోబు అంటే పాత నిబంధనలో బిడ్డల్నీ ఆస్తినీ పోగొట్టుకున్న భక్తుడు. బిడ్డల్ని పాతిపెట్టిన మనిషి! ఇంత సూటిగా ఉంది. నీ తప్పు లేనిదే ఇలా జరుగుతుందా అని అడగడం మీ ధర్మంలో నిషేధం, మీ మామగారు పంది మాంసాన్ని ముట్టనట్టే ఆ మాటనూ ముట్టకూడదు.

శనివారం కూలికి పోవడం తప్పు కాదని నేను మీకు సర్దిచెప్పను. ప్రాణం కాపాడటానికైతే షబ్బాత్‌ను పక్కన పెట్టొచ్చు, పెట్టాలి కూడా. మిర్చి టిక్కీలు ఎత్తడం ఆ లెక్కలోకి రాదని మీ మామగారు అంటారు. సరే, తప్పే అనుకుందాం. ఆ తప్పుకు ఈ శిక్ష అని చిట్టా రాసే అధికారం ఆయనకు ఎవరిచ్చారు? యోబు స్నేహితులు కూడా భక్తులే. మొదటి ఏడు రోజులు, ఏడు రాత్రులు నోరు మెదపకుండా నేల మీద అతని పక్కన కూర్చున్నారు, అంతవరకూ బంగారం. నోరు తెరిచాకే చెడింది. ఆఖరికి దేవుడు కోప్పడింది తనను నిలదీసిన యోబును కాదు, తన తరఫున వకాల్తా పుచ్చుకున్న ఎలీఫజునీ వాళ్ళ బృందాన్నీ. యోబు 42వ అధ్యాయం, ఏడో వచనం. మీ ఆయనను చదివి వినిపించమనండి. ఎందుకు ఆయనే చదవాలో తర్వాత చెబుతాను.

ఇక నిబంధన సంగతి. తెలుగులో ఈ మాట మనల్ని మోసం చేస్తుందమ్మా. చీటీల కంపెనీ ప్రకటన కింద చిన్న అక్షరాల్లో కూడా 'నిబంధనలు వర్తిస్తాయి' అని ఉంటుంది. మీ మామగారు దాన్ని అలాగే చదువుకున్నారు: వాయిదా తప్పితే జప్తు. హీబ్రూలో బ్రిత్ అంటే షరతుల కాగితం ఒక్కటే కాదు, అది ఇద్దరి మధ్య బంధం. బంధం గనకనే లోపల ఉండి పోట్లాడొచ్చు. 44వ కీర్తన తీయండి. ఇంత జరిగినా మేము నిన్ను మరవలేదు, నీ నిబంధన మీరలేదు అంటారు. తర్వాత ఏమంటారు? లే, ఎందుకు నిద్రపోతున్నావు అని దేవుణ్ణే గద్దిస్తారు. అది నాస్తికుల పాట కాదు, మీ గ్రంథంలోదే. నా బిడ్డని ఎందుకు కాపాడలేదు అని మీరు అడిగింది ఆ పాటలో ఇంకో చరణం, అంతే. జవాబు నా దగ్గర లేదు. ఉందని ఎవరైనా వస్తే గుమ్మంలోంచే పంపించేయండి.

మూడో శతాబ్దంలో గలిలయలో రబ్బీ యోహానాన్ అని ఉండేవాడు. పదిమంది కొడుకుల్ని పాతిపెట్టినవాడని చెబుతారు. మంచాన పడ్డ శిష్యుణ్ణి చూడబోయి, ఈ బాధలు నీకు ఇష్టమేనా అని అడిగాడు. ఇవీ వద్దు, వీటికి వచ్చే ఫలమూ వద్దు అన్నాడు ఆ శిష్యుడు. అయితే చెయ్యి ఇయ్యి అని పట్టుకుని లేపాడు యోహానాన్. అంతే కథ. బోధ లేదు, కారణం లేదు. తర్వాత యోహానానే మంచాన పడితే ఇంకొకరు వచ్చి చెయ్యి పట్టుకోవాల్సి వచ్చింది. ఖైదీ తన చెర తాను విడిపించుకోలేడట.

మీకు చెయ్యి ఇవ్వాల్సిన మనిషి మీ పక్కనే అన్నం తింటున్నాడు.

మీరు ఉత్తరమంతా దేవుడి గురించీ మామగారి గురించీ రాశారు. మీ ఆయన మీద రెండే వాక్యాలు. బండి తాళం ఆయన ఇచ్చారు. తలొంచుకుని తింటారు. నాకు ఉత్తరమంతా ఆ రెండు వాక్యాల్లోనే ఉన్నట్టు అనిపించింది. వాయిదా ఇద్దరి అప్పు. పిల్లవాడు ఇద్దరి బిడ్డ. తాళం ఆయన చేతిలోంచి వెళ్ళింది. ఆ మాట తన తండ్రికి చెప్పకుండా ఎనిమిది నెలలుగా ఆ నింద మొత్తం మీ ఒక్కరి మీద పడుతుంటే చూస్తూ కూర్చున్నాడు. కొడుకులు పోయినప్పుడు మోషే అన్న అహరోను కూడా మౌనంగా ఉన్నాడని ఆయన అనొచ్చు. అహరోను దేవుడి ముందు మౌనంగా ఉన్నాడు. భార్యను నలుగురిలో నిలబెట్టి అంటుంటే పప్పు కలుపుకోలేదు.

నేను ఈ విషయంలో నిష్పక్షపాతిని కాను, ముందే ఒప్పుకుంటాను. మా తమ్ముడు పచ్చకామెర్లతో ఆరేళ్ళకి పోయాడు. తల్లి ప్రార్థన చాలలేదు అని మా మేనత్త అంది, భోజనాల దగ్గర. మా నాన్న మంచివాడు, ఊళ్ళో పదిమందికి చదువు చెప్పినవాడు. ఆ పూట మజ్జిగ పోసుకుని లేచిపోయాడు. మేనత్తను మా అమ్మ రెండేళ్ళలో క్షమించింది, ఆవిడ చివరి రోజుల్లో ఒళ్ళు కూడా తుడిచింది. నాన్నను మాత్రం క్షమించినట్టు నాకెప్పుడూ కనపడలేదు. ముప్పై ఏళ్ళు ఒకే ఇంట్లో మర్యాదగా బతికారు.

యోబు భార్యను తలుచుకోండి. పోయిన పదిమంది బిడ్డలూ ఆవిడ కడుపున పుట్టినవాళ్ళే. గ్రంథంలో ఆవిడకు దక్కింది ఒక్క మాట, దానికీ తిట్లే. ముగ్గురు స్నేహితులు దూరం నుంచి వచ్చి ఆయన పక్కన కూర్చున్నారు. ఆవిడ పక్కన ఎవరు కూర్చున్నారో ఎక్కడా రాయలేదు. మలాకీ ప్రవక్త భార్యను నిబంధన భార్య అన్నాడు, మీ ఇద్దరి మధ్య యెహోవాయే సాక్షి అన్నాడు. దేవుడు తన నిబంధన తప్పాడా లేదా నేను తేల్చలేను. మీ ఇంట్లో ఎవరు తప్పారో మాత్రం నాకు కనిపిస్తోంది.

ఏం చేయాలంటారా? శుక్రవారం వద్దు, ఆ రోజు ఇంటికే బరువు. ఆదివారం మామగారు బయటికి వెళ్ళిన వేళ చూసి మీ ఆయన దగ్గర కూర్చోండి. మరిదితోనో ఆడపడుచుతోనో కబురు పెట్టకండి. మామగారి ముందు తాళం సంగతి మీరు బయటపెట్టకండి కూడా. అది ఆయన నోటి నుంచే రావాలి. మీరు చెబితే నేరం మీ మీంచి ఆయన మీదికి మారుతుంది, అంతకు మించి ఒరిగేదేమీ లేదు. తాళం ఇవ్వడమూ నేరం కాదు. అన్నం తినే ఇంట్లో కొడుకు పనికి పోతానంటే తాళం ఇవ్వని తండ్రి ఉంటాడా? ఆయన రాత్రుళ్ళు నిద్రపోతున్నారో లేదో మీరు రాయలేదు. పోతున్నారని నేను అనుకోను. అడగండి. ఏడిస్తే ఏడవనివ్వండి. తర్వాత ఒక్కటే కోరండి: తన తండ్రితో, మీ ఎదుటే, "నాన్నా, ఆ మాట ఈ ఇంట్లో ఇంకెప్పుడూ అనొద్దు, వాణ్ణి నేనూ పంపాను" అని చెప్పాలి. తండ్రికి ఎదురు చెప్పడం తప్పని ఆయన అంటే, తల్లిదండ్రుల్ని సన్మానించమన్న ఆజ్ఞలో భార్యను బలివ్వమని లేదని చెప్పండి. అప్పుడు యోబు పుస్తకం ఆయన చేతికివ్వండి.

ఆయన చెప్పలేకపోతే మీరు కొన్నాళ్ళు పుట్టింటికి వెళ్ళండి. అలిగి కాదు, ఎందుకు వెళ్తున్నారో చెప్పి వెళ్ళండి. కోడలు మామగారి మాట పడాలి అనే తరం నుంచి వచ్చినదాన్నే నేను. మందు వేయలేదనో, నీళ్ళు వేడిగా ఇవ్వలేదనో అంటే పడొచ్చు. బిడ్డను చంపావు అంటే పడక్కర్లేదు.

మామగారితో మీరు వాదానికి దిగొద్దు. ఆయనకు ఒక్కటి చదివి వినిపించండి, లేదా మీ ఆయనతో చదివించండి. దినవృత్తాంతముల మొదటి గ్రంథం, ఏడో అధ్యాయం, 21, 22 వచనాలు. మీ గోత్రానికి మూలపురుషుడైన ఎఫ్రాయిము కొడుకులు గాతు ఊరివాళ్ళ పశువుల్ని పట్టుకుపోబోయి వాళ్ళ చేతిలో చచ్చారు. తండ్రి చాలా రోజులు ఏడ్చాడు. అతని అన్నదమ్ములు వచ్చి ఓదార్చారు అని ఉంది. ఎవరిది తప్పో లెక్కలు తీశారని లేదు. మనం ఎఫ్రాయిము సంతానం అని ఇన్నేళ్ళుగా చెప్పుకునే మనిషికి ఆ వచనం తెలియకుండా ఉండదు.

దీపం వెలిగించబుద్ధి కాకపోతే ఈ శుక్రవారం వెలిగించకండి. అగ్గిపెట్టె మీ ఆయన చేతిలో పెట్టండి. మగవాళ్ళు వెలిగించకూడదని ఏమీ లేదు, ఆడది లేని ఇంట్లో వాళ్ళే వెలిగిస్తారు.

ఇంకొకటి. మీరు ఉత్తరం రాసిన కాగితం మీ వాడి ఐటీఐ రికార్డులోంచి చింపింది. వెనకవైపు మోటారు స్టార్టర్ బొమ్మ ఉంది, తీగలు ఎర్ర స్కెచ్‌పెన్నుతో దిద్దాడు, కింద పెన్సిలుతో తేదీ వేశాడు. తొందరలో చూసుకోలేదేమో. ఉత్తరం జిరాక్సు తీసుకుని అసలు కాగితం మీకే స్పీడ్ పోస్టులో పంపిస్తున్నాను. రెండు మడతలే పెట్టాను, బొమ్మ మీద మడత పడలేదు.