సీతాకోకచిలుక సరే, మాత్‌ని ఏమనాలి?

సందేహం: నాలుగేళ్లుగా సీతాకోకచిలుకల్నీ, వాటిని పోలి ఉండే మాత్‌లనీ (ఇంగ్లీషులో moth) ఫొటోలు తీస్తున్నాను. ఆదివారం పొద్దున్నే కంబాలకొండ అడవి వైపు వెళ్తాను. వానాకాలం రాత్రుళ్లు మేడమీద తెల్ల దుప్పటి కట్టి, దీపం పెట్టి మాత్‌ల కోసం కూర్చుంటాను. ఫొటోల కింద చక్కటి తెలుగు రాయాలని నా కోరిక. సీతాకోకచిలుక అనాలా, సీతాకోకచిలక అనాలా? మూడు ముక్కలుగా విడదీయాలా? మాత్‌కి తెలుగు మాట ఏది? నిఘంటువులో చిమ్మట అని ఉంది. మా అమ్మేమో అది రాత్రిపూట అరిచే పురుగు అంటోంది. 'రాత్రి సీతాకోకచిలుక' అని రాయమని ఒక స్నేహితురాలి సలహా. నేను రాసిన మూడు క్యాప్షన్లు, వాటి ఫొటోలతో సహా పంపుతున్నాను, దిద్దండి. ఒకటి: 'బంతిపువ్వు మీద కూర్చున్న సీతాకోకచిలుక'. రెండు: 'వెలుగుచే ఆకర్షించబడిన మాత్'. మూడు: 'తన రెక్కలను తెరిచిన స్థితిలో ఉన్న మాత్'.
– ఒక పాఠకురాలు, విశాఖపట్నం

సమాధానం: తేలికైనవి ముందు చెప్పి, అసలు చిక్కు దగ్గరికి తర్వాత వస్తాను.

చిలుక, చిలక రెండూ ఒప్పే. ఎలుక–ఎలక ఎలాగో ఇదీ అలాగే: మధ్యలో ఉన్న ఉకారం మాట్లాడేటప్పుడు అకారమైపోతుంది. రాతలో 'చిలుక' ఎక్కువగా కుదురుకుంది కాబట్టి నేను అదే రాస్తాను. మీరు 'చిలక' అని రాసినా తప్పు పట్టను. ఒక ఫొటో కింద అదీ, ఇంకో ఫొటో కింద ఇదీ రాయకండి, అంతే. మాటని మాత్రం విడగొట్టవద్దు. 'సీతా కోక చిలుక' అని చోటు వదిలి రాస్తే చదివేవారి కన్ను మూడుసార్లు ఆగుతుంది. ఉన్నది ఒకటే ప్రాణి, ఒకటే మాట.

ఆ మాట గురించి కొంచెం చెప్పకుండా ముందుకి వెళ్లలేను. ఇందులోని కోక 'కోకా రైకా' అంటామే, ఆ కోకే. సంస్కృతంలో కోకం అంటే చక్రవాక పక్షి. దానికీ దీనికీ సంబంధం లేదు. చిలుక కూడా మన సొంత మాట. తమిళంలో కిళి, కన్నడలో గిళి. ఇకార, ఎకారాల ముందున్న పాత కకారం తెలుగులో చకారంగా మారింది. కన్నడ కివి మనకి చెవి అయింది చూడండి, అలాగన్నమాట. అంటే ఈ పేరు పెట్టినవాళ్లు దాన్ని పురుగుల్లో లెక్కెయ్యలేదు. చీర కట్టిన పిట్టగా చూశారు.

తెలుగు సమాసం లెక్కన ఇది 'సీతకోకచిలుక' కావాలి. సీత చీర అంటాం గాని సీతా చీర అనం కదా. పల్లెల్లో సీతకోకచిలక అనేవారు ఇప్పటికీ చాలామంది ఉన్నారు, వాళ్ల మాటే వ్యాకరణానికి దగ్గర. సంస్కృతపు దీర్ఘాన్ని ఉంచేసి పక్కన తెలుగు కోకని అతికిస్తే దాన్ని మన లాక్షణికులు, అంటే పాత వ్యాకరణం రాసినవాళ్లు, వైరిసమాసం అనేవారు. అయినా దీర్ఘమున్న రూపమే పిల్లల వాచకాల్లోకీ అందరి రాతలోకీ వచ్చేసింది. దాన్ని ఇప్పుడు దిద్దే అవసరం లేదు.

సీతమ్మనే ఎందుకు తెచ్చారంటే, అందమైన చిన్న వస్తువు కనిపిస్తే ఆమెకి ఇచ్చేయడం మనవాళ్ల అలవాటు. తోటలో పూసేవి సీతమ్మవారి జడగంటలు. కంచె మీద పసుపు దారాల్లా అల్లుకునే తీగ సీతమ్మ పోగునూలు. భద్రాచలం దగ్గర పర్ణశాలకి వెళ్తే వాగు దగ్గర బండల మీది రంగు చారలు చూపించి, అమ్మవారు నారచీరలు ఆరేసుకున్న గుర్తులని చెబుతారు. ఈ మాట అక్కడే పుట్టిందని నేననడం లేదు. కానీ అడవి వాగుల్లో తడి ఇసుక మీద వందల సీతాకోకచిలుకలు వాలి లవణాలు పీల్చుకోవడం మీరు చూసే ఉంటారు. ఆ దృశ్యం చూసినవారికి ఆరేసిన చీర గుర్తురావడంలో వింత లేదు.

దీని చిన్నతనపు పేరూ చూడండి. గొంగళిపురుగు, అంటే గొంగళి కప్పుకున్న పురుగు. కొన్ని చోట్ల కంబళిపురుగు, బొంతపురుగు. ఒళ్లంతా బొచ్చున్న పురుగుకి పుట్టిన పేరిది. అలాంటి బొచ్చు పురుగుల్లో ఎక్కువ భాగం మాత్‌ల పిల్లలే. తర్వాత ఆ పేరు నున్నటి పురుగులకీ పాకింది. మొన్న మా కరివేపాకు కుండీలో ఒకటి కనిపించింది. మొదట్లో ఆకు మీద పిట్ట రెట్టలా ఉండేది. నాలుగు రోజులు పోయాక పచ్చగా, నున్నగా తయారైంది. వేలితో తాకగానే తల వెనక నుంచి ఎర్రటి రెండు కొమ్ములు బయటికి తీసి, ఘాటైన వాసన వదిలింది. దాని ఒంటి మీద ఒక్క వెంట్రుక లేదు. అయినా మా మనవరాలు 'తాతయ్యా, గొంగళిపురుగు!' అని కేక పెట్టింది. ఇప్పటి తెలుగులో అదే సరైన మాట. చిన్నప్పుడు గొంగళి, పెద్దయ్యాక కోక: రెండు దశలకీ బట్టల పేర్లే పెట్టుకున్న భాష మనది. నాకు ఇది తలుచుకున్నప్పుడల్లా సంతోషంగా ఉంటుంది.

ఇక మాత్. మీ అమ్మగారూ ఒప్పే, నిఘంటువూ ఒప్పే. చిమ్మట లేక చిమ్మెట అనే మాటకి రెండు అర్థాలున్నాయి. బట్టల్ని కొట్టే పురుగు ఒకటి. తెలుగు బైబిల్‌లో, మత్తయి సువార్త 6వ అధ్యాయంలో, దాచుకున్న ధనాన్ని తినేసేది ఈ చిమ్మెటే. బీరువాలో కలరా ఉండలు వేసేది ఇలాంటి పురుగుల భయంతోనే. కానీ చిమ్మట అనగానే ఇవాళ చాలామంది చెవుల్లో మోగేది రాత్రిపూట చెట్ల మీంచి వచ్చే రొద. కీచురాయి, ఇలకోడి కోవకి చెందిన పురుగు. కాబట్టి మీ ఫొటో కింద చిమ్మట అని రాస్తే సగంమంది మీ అమ్మగారిలాగే అనుకుంటారు. ఉన్ని బట్టల్ని కొట్టే ఆ చిన్న మాత్‌కి చిమ్మెట అనే పేరు ఉంచేద్దాం, అన్నిటికీ పెట్టొద్దు.

రైతుల మాట వేరు. వాళ్లకి ఇది రెక్కల పురుగు, లేదా తల్లి పురుగు. పొలంలో దీపపు ఎరలు, ఆడపురుగు వాసనతో మగపురుగుల్ని రప్పించే లింగాకర్షక బుట్టలు పెట్టేది ఈ తల్లి పురుగుల కోసమే. అయితే రైతు అసలు పేర్లు పెట్టుకున్నది పైరుని తినే పిల్లకి: లద్దె పురుగు, కాండం తొలిచే పురుగు, పత్తిలో గులాబీరంగు పురుగు, 2018లో మన దేశంలో బయటపడి మొక్కజొన్నని పట్టుకున్న కత్తెర పురుగు. ఇవన్నీ మాత్‌ల పిల్లలే. రెక్కల పురుగు అనే మాట పొలంలో చక్కగా సరిపోతుంది. మీ తెల్ల దుప్పటి మీద సరిపోదు, ఎందుకంటే తొలకరికి దీపాల చుట్టూ లేచే ఉసిళ్లూ రెక్కల పురుగులే.

పట్టుపురుగు సంగతి ఇంకా ఆలోచించదగ్గది. అన్ని మాత్‌లలోకీ మనకి దగ్గరిది అదే. హిందూపురంలో దాని గూళ్లకి ప్రత్యేకంగా మార్కెట్ ఉంది. చెన్నూరు, మహదేవపూర్ అడవుల్లో మద్దిచెట్ల మీద పెంచే దసలి పట్టు పురుగు దాని చుట్టమే. దారం తీయాలంటే పురుగుకి రెక్కలొచ్చి గూడు చీల్చుకోకముందే గూడుని వేడి చెయ్యాలి. అందుకని పట్టుచీర కట్టిన ఇంట్లో కూడా ఆ రెక్కల రూపాన్ని చూసినవారు తక్కువ. చూడనిదానికి పేరెవరు పెడతారు? పురుగు, గూడు, కాయ, దారం అన్నిటికీ ఇంటింటా మాటలున్నాయి. గూట్లోంచి వచ్చేదానికి లేదు.

ఒక్కొక్కరికి ఒక్కో ముఖం చూపించిన ప్రాణి ఇది. అన్నిటినీ కలిపి పిలిచే మాట కావలసివచ్చింది ఇప్పుడే, మీలాంటివారికి. నా ఓటు శలభానికి.

దీనికి ఒక అడ్డంకి చెబుతారు: శలభం అంటే మిడత కూడా కదా అని. నిజమే. అతివృష్టి, అనావృష్టితో మొదలయ్యే ఈతిబాధల, అంటే పంటకి వచ్చే ఆపదల పట్టికలో ఉన్న శలభాలు మిడతలే. సంస్కృత నిఘంటువు అమరకోశంలో 'సమౌ పతంగశలభౌ' అని ఉంది. అంటే పతంగం, శలభం ఒకటే. పతంగాలు మండే మంటలో పడి నశించడం గీత 11వ అధ్యాయంలో వస్తుంది. ఇలా సంస్కృతంలో ఆ మాటకి రెండు దారులున్నాయి. తెలుగులో మాత్రం మొదటి దారి దాదాపు మూసుకుపోయింది. 2020లో ఉత్తరాది పొలాల మీద పురుగుల దండు పడ్డప్పుడు మన పత్రికలు 'మిడతల దండు' అనే రాశాయి. 'దీపం చుట్టూ శలభాల్లా', 'శలభాల్లా మాడిపోయారు' అనే మాటలు మాత్రం అందరి నోటా ఉన్నాయి. శలభం అనగానే ఇవాళ తెలుగువాడికి కనిపించేది దీపం దగ్గరి పురుగే. మీకు కావలసింది కూడా అదే కదా. మాటల్లో మాత్ అంటే నాకేమీ అభ్యంతరం లేదు, నేనూ అంటాను. రాతలో శలభం అని రాసి చూడండి.

మీ స్నేహితురాలి 'రాత్రి సీతాకోకచిలుక' ముచ్చటగా ఉంది గాని నిలవదు. పట్టపగలు పూల మీద తిరిగే శలభాలున్నాయి. పువ్వు ముందు గాలిలో నిలబడి తేనె పీల్చే శలభాన్ని తేనెపిట్ట అనుకున్నవాళ్లు నాకు తెలుసు. పైగా ప్రపంచంలో ఇంతవరకు గుర్తించిన సీతాకోకచిలుక జాతులు సుమారు 18 వేలైతే శలభాలు సుమారు 1,60,000. అంత పెద్ద కుటుంబాన్ని చిన్న కుటుంబం పేరుతో పిలవడం సబబు కాదు. రాత్రీ పగలూ చూసేకంటే మీసాలు చూడండి. సీతాకోకచిలుక మీసం కొనకి అగ్గిపుల్ల తలలాంటి గుండు ఉంటుంది. శలభానిది చాలావరకు దారంలానో, ఈకలానో ఉంటుంది.

మీ క్యాప్షన్లకి వద్దాం. మొదటిదాంట్లో 'కూర్చున్న' తీసేయండి. పిట్టగానీ ఈగగానీ సీతాకోకచిలుకగానీ వాలుతుంది. 'బంతిపువ్వు మీద వాలిన సీతాకోకచిలుక' అంటే అది ఎగురుతూ వచ్చిందనీ, మళ్లీ ఎగిరిపోతుందనీ ఆ ఒక్క క్రియలోనే తెలుస్తుంది. మీరు ఊపిరి బిగబట్టి ఫొటో తీసిన క్షణం కూడా అదే కదా.

రెండోది 'వెలుగుచే ఆకర్షించబడిన'. ఈ 'బడు' ఎవరి నోటా రాదు. మన ఇళ్లలో పురుగులు దీపానికి వస్తాయి, ఎక్కువైతే దీపం చుట్టూ ముసురుతాయి. 'దీపానికి వచ్చిన శలభం' చాలు. ఇందులో మాట ఒక్కటే కాదు, విషయం కూడా కుదురుతుంది. పురుగులు రాత్రిపూట వీపుని వెలుగు వైపు ఉంచుకుని ఎగురుతాయని, దగ్గర్లో దీపముంటే ఆ లెక్క తప్పి దాని చుట్టూ తిరుగుతాయని 2024లో వచ్చిన ఒక పరిశోధన చూపించింది. దీపం లాగడం కంటే పురుగు దారి తప్పడమే అక్కడ ఎక్కువ.

మూడోది నాకు బాగా నచ్చిన ఫొటో, అందుకే చివరికి ఉంచాను. 'తన రెక్కలను తెరిచిన స్థితిలో ఉన్న' అక్కర్లేదు. తెరిచేది తలుపుని. రెక్క విప్పుతారు, ముడుస్తారు, పరుస్తారు. సీతాకోకచిలుక సాధారణంగా వాలినప్పుడు చేతులు జోడించినట్టు రెక్కలు వీపు మీద జోడిస్తుంది, ఎండ కాచుకునేటప్పుడు విప్పుతుంది. శలభం ఎక్కువగా చాపలా పరుచుకుంటుంది. సరైన క్రియ వేస్తే చదివేవారికి ఫొటో చూడకముందే తేడా తెలిసిపోతుంది.

మీ మూడో ఫొటోలో ముదురాకుపచ్చ మీద లేత గులాబీ, తెల్ల చారలున్న ఆ శలభం పిల్లలు గన్నేరు, నందివర్ధనం ఆకులు తింటాయి. పిల్లకి తల దగ్గర నీలిరంగు కళ్లలాంటి రెండు మచ్చలుంటాయి. మీ వీధిలో నందివర్ధనం ఉంటే వెతకండి, దొరకొచ్చు. బత్తాయి తోటల వాళ్లు నిమ్మ సీతాకోకచిలుక అన్నట్టు, తినే మొక్కని ముందు పెట్టి పేరు కట్టడం మన పద్ధతి. కాబట్టి ఇలా రాయండి: 'గన్నేరు శలభం. రెక్కలు పరుచుకుని దుప్పటి మీద వాలింది. మా మేడమీద, రాత్రి పదిన్నరకి.'