రూటరు మార్చేముందు ఒక తీగ కొను

చి. అల్లుడికి,

విజయనగరం నుంచి మావయ్య ఆశీర్వదించి రాస్తున్నాను. జర్మనీలో నీ ఇంట్లో నెట్టు అస్తమానూ పోతోందనీ, జీతం రాగానే మంచి రూటరు కొనేస్తాననీ రాశావు. ఆ యూరోలు కొన్నాళ్లు జేబులోనే ఉండనీ. ముందు ఐదు మీటర్ల ఈథర్నెట్ కేబులు ఒకటి తెచ్చుకో. క్యాట్ 5ఇ రకం చాలు, క్యాట్ 6 దొరికితే ఇంకా మంచిది. క్యాట్ 8 అని రాసి బంగారు పూత పిన్నులు చూపించేవాడి జోలికి పోకు. ల్యాప్‌టాప్‌కి ఆ కన్నం లేకపోతే యూఎస్‌బీ అడాప్టరు కూడా తీసుకో.

తీగ దేనికంటే, "నెట్టు పోయింది" అన్న ఒక్క మాట వెనక నాలుగు వేర్వేరు జబ్బులుంటాయి. నీ ల్యాప్‌టాప్‌కీ రూటరుకీ మధ్య గాలిలో ఒకటి, రూటరు నుంచి కంపెనీ దాకా లైనులో ఒకటి, అక్కణ్నుంచి ఇండియా వచ్చే దారిలో ఒకటి, ఆఖరున ఆమదాలవలసలో మీ అమ్మ దగ్గర ఒకటి. వైఫై మీద కూర్చుని చూస్తే నాలుగూ ఒకేలా కనిపిస్తాయి, బొమ్మ గుండ్రంగా తిరుగుతూ ఉంటుంది, అంతే. తీగ గుచ్చి వైఫై ఆపితే మొదటి అనుమానం తీరిపోతుంది.

ఇప్పుడు పరీక్ష. విండోస్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి "ఐపీకాన్ఫిగ్" (ipconfig) కొట్టు. డిఫాల్ట్ గేట్‌వే ఎదురుగా ఉన్న నంబరే నీ రూటరు. మీ దగ్గర చాలా ఇళ్లలో ఫ్రిట్జ్‌బాక్స్ ఉంటుంది కాబట్టి 192.168.178.1 అయ్యుండొచ్చు. రెండు కిటికీలు పక్కపక్కన తెరువు. ఒకదాంట్లో ఆ నంబరుకి, రెండోదాంట్లో బయటున్న గూగుల్ వాళ్ల 8.8.8.8కి పింగ్ పెట్టు, అంటే చిన్న పలకరింపు పంపి జవాబు ఎన్ని మిల్లీసెకన్లకి వస్తుందో చూడ్డం. చివర గీత పెట్టి టి (-t) కొడితే ఆపమనేదాకా ఆగకుండా నడుస్తుంది. ఒక సాయంత్రం తీగ మీద, మర్నాడు సాయంత్రం వైఫై మీద నడవనీ.

తీగ మీద రూటరు కిటికీలో ఒక మిల్లీసెకను, అంతకన్నా తక్కువ రావాలి. అది నిలకడగా ఉండి బయటి కిటికీలో "టైమ్‌డ్ అవుట్" అని పడుతుంటే దోషం లైనుది. కొత్త రూటరు కొన్నా అది పోదు. తీగ మీద రెండూ బాగుండి, వైఫైకి రాగానే రూటరు కిటికీలోనే అంకెలు 2 నుంచి 300కి ఎగురుతుంటే జబ్బు ఇంట్లోనే ఉంది. రెండు కిటికీలూ బాగానే ఉన్నాయి గానీ సైట్లు తెరుచుకోవంటే పేర్లను నంబర్లుగా మార్చే డీఎన్ఎస్ దగ్గర తేడా. రూటరులో డీఎన్ఎస్ సర్వర్లుగా 1.1.1.1, 8.8.8.8 పెట్టి చూడు. ఇంకోటి, పెద్ద ప్లాను ఉండి, తీగ గుచ్చినా వేగం సరిగ్గా 100 ఎంబీపీఎస్ లోపే ఆగిపోతోందంటే తీగలోని నాలుగు జతల్లో ఏదో ఒకటి తెగిందని అనుమానించు. గిగాబిట్‌కి నాలుగు జతలూ కావాలి, వందకి రెండు చాలు.

నెట్టు పోయిన ప్రతిసారీ టైము రాసుకో. గోడ మీద తెలుగు క్యాలెండరు ఉంటే ఆ గడిలోనే రాయి. రోజూ ఒకే గంటకి ఒక్క నిమిషం పోయి వస్తే అది జబ్బు కాకపోవచ్చు. అక్కడ కొన్ని డీఎస్ఎల్ (ఫోను తీగ మీద వచ్చే నెట్టు) లైన్లు 24 గంటలకోసారి కావాలనే తెంపి కలుపుతారు. రూటరు సెట్టింగుల్లో దాన్ని తెల్లవారుజాము 3–4 గంటల మధ్యకి జరుపుకోవచ్చు. వాన పడ్డప్పుడల్లా పోతే ఎక్కడో జాయింటులోకి నీళ్లు దిగుతున్నాయి. రాత్రి 8–10 మధ్యే నెమ్మదిస్తే మీ పేటంతా ఒకే గొట్టం మీద పడుతోంది, టీవీ కేబులు మీద వచ్చే కోయాక్స్ నెట్టులో ఇది మామూలు.

వైఫై దోషమని తేలితే మొదట రూటరు ఎక్కడుందో చూడు. గుమ్మం దగ్గర చెప్పుల అలమరలో, మీటరు పెట్టె వెనక పెట్టి గదిలో సిగ్నలు లేదంటే అది రూటరు తప్పు కాదు. ఇనుము, నీళ్లు, కాంక్రీటు వైఫై అలల్ని అడ్డుకుంటాయి. అంటే ఫ్రిజ్జు, చేపల తొట్టె, రేడియేటరు పక్కన పెట్టకు. ఛాతీ ఎత్తున, బయట పెట్టు. వైఫైలో 2.4 గిగాహెర్ట్జ్ బ్యాండు దూరం పోతుంది గానీ అపార్ట్‌మెంట్లో కిటకిటే. మైక్రోవేవ్ కూడా దాదాపు అక్కడే అరుస్తుంది. ఛానెళ్లలో 1, 6, 11 ఒకదాన్నొకటి తొక్కుకోవు. ఛానెల్ వెడల్పు 20 మెగాహెర్ట్జ్ దాటనివ్వకు. వేగంగా కావాలని 40 పెడితే పక్కవాళ్ల గోల కూడా నీ నెత్తినే పడుతుంది.

5 గిగాహెర్ట్జ్‌లో ఒక విచిత్రముంది. "వైఫై పేరే మాయమైపోతోంది, కాసేపటికి వస్తోంది" అని నువ్వు రాసినది అదేనని నా అనుమానం. 52 నుంచి పైనున్న ఛానెళ్లు చాలావరకు రాడార్లతో పంచుకోవాలి. రాడార్ చప్పుడు వినిపిస్తే రూటరు ఆ ఛానెల్ వెంటనే ఖాళీ చెయ్యాలి. ఇంకో ఛానెల్‌కి పోయినా అది కూడా రాడార్‌తో పంచుకునేదే అయితే ముందు 60 సెకన్లు విని గాని మొదలెట్టకూడదు. యూరపులో 120 నుంచి 128 దాకా వాతావరణ రాడార్లుంటాయి, అక్కడైతే వినాల్సింది ఏకంగా పది నిమిషాలు. విమానాశ్రయం దగ్గర కాపురమైతే ఇది మరీ ఎక్కువ. ఆటో తీసేసి 36 నుంచి 48 లోపు ఒకటి బిగించు, వెడల్పు 80. చాలామందికి ఈ ఒక్క మార్పుతోనే తెరిపి వస్తుంది.

అన్నీ బాగుండి వీడియో కాల్ మాత్రమే కొట్టుకుంటోందా? నీ ఫోను ఏం చేస్తోందో చూడు. ఆఫీసు నుంచి ఇంటికొచ్చి వైఫై తగలగానే పొద్దుటి ఫోటోలన్నీ క్లౌడ్‌కి ఎక్కించడం మొదలెడుతుంది. 50 ఎంబీపీఎస్ డీఎస్ఎల్‌లో పైకి పోయే దారి సాధారణంగా 10 మాత్రమే. అది నిండిపోతే నీ మాట ముక్కలు ఫోటోల వెనక వరసలో నిలబడాలి. రైల్వే గేటు పడ్డప్పుడు ఎడ్లబండీ అంబులెన్సూ ఒకే వరసలో ఆగినట్టు. ఆ ఎక్కింపు అయిపోయాక స్పీడ్ టెస్టు చేస్తే బాగానే చూపిస్తుంది, అదే మోసం. పరీక్ష ఏటంటే, పింగ్ నడుస్తుండగా ఒక పెద్ద వీడియో అప్‌లోడ్ పెట్టు. 20లో ఉన్నది 400కి పోతే రోగం దొరికింది. బ్యాకప్ అర్ధరాత్రికి మార్చు. రూటరులో ప్రయారిటీ సెట్టింగులో కాల్ చేసే ల్యాప్‌టాప్‌ని ముందు పెట్టు. అప్‌లోడ్ పరిమితి పెట్టే వీలుంటే అసలు వేగంలో 85–90 శాతం దగ్గర కట్టెయ్యి.

లైనుదే తప్పని తేలితే రూటరు పేజీలో రెండు చోట్ల చూడాలి. ఒకటి, రూటరు ఎంతసేపట్నుంచి నడుస్తోంది. నెట్టు పోయినప్పుడల్లా ఆ లెక్క సున్నా నుంచి మొదలవుతుంటే రూటరే పడి లేస్తోంది. వేడో, అడాప్టరో కారణం. అడాప్టరు మీద రూటరు అడిగినన్ని వోల్టులు (చాలావాటికి 12), అడిగినన్ని ఆంపియర్లు ఉండాలి. ఆంపియర్లు ఎక్కువైనా పరవాలేదు, తక్కువైతే బరువు పడ్డప్పుడల్లా చస్తుంది. రెండోది డీఎస్ఎల్ పేజీ. గోలని తట్టుకునే మిగులు చూపే సిగ్నల్ మార్జిన్ 6 డెసిబెల్ కిందికి దిగుతుంటే, సీఆర్‌సీ తప్పులు (దారిలో చెడిపోయిన డేటా ముక్కలు) నిమిషాల్లో వందలు పెరుగుతుంటే తీగలో గోల ఉంది. ఫిర్యాదు చేసేముందు గోడలోని మొదటి టీఏఈ (అక్కడి ఫోను) సాకెట్‌కి, మధ్యనున్న ఎఫ్ కన్నంలోకి, మధ్యలో ఎక్స్‌టెన్షన్ లేకుండా నేరుగా పెట్టి చూడు. చాలా ఫిర్యాదులు ఆ పాత ఎక్స్‌టెన్షన్ తీగ దగ్గరే తీరిపోతాయి.

కంపెనీకి ఫోన్ చేసి "నెట్టు బాలేదు" అనకు. తీగ మీద చూశాను, రూటరు దాకా బాగుంది, ఫలానా తేదీ ఫలానా గంటకి తెగింది అని చెప్పు, టికెట్ నంబరు తీసుకో. అక్కడి చట్టం నీ పక్షానే ఉంది. పూర్తిగా పోయి, చెప్పినా బాగుచెయ్యకపోతే మూడో రోజు, నాలుగో రోజు రోజుకి 5 యూరోలు గానీ నెల బిల్లులో 10 శాతం గానీ, ఏది ఎక్కువైతే అది రావాలి. ఐదో రోజు నుంచి 10 యూరోలు గానీ 20 శాతం గానీ. వేగం తక్కువైతే అక్కడి టెలికాం నియంత్రణ సంస్థ బుండెస్‌నెట్స్‌అగెంటూర్ వాళ్ల కంప్యూటరు కొలత యాప్ ఉంది. మూడు రోజుల్లో 30 కొలతలు, తీగ మీదే. వైఫై కొలతలు లెక్కకి రావు. చూశావా, ఆ తీగ అక్కడా పనికొస్తుంది. ఇన్నీ చేశాక కూడా రూటరే దోషమని తేలితే నీకు నచ్చినది కొనుక్కో. 2016 ఆగస్టు 1 నుంచి అక్కడ కంపెనీ ఇచ్చిన పెట్టే వాడాలన్న నిబంధన లేదు.

ఇక మన వైపు. నీకు సాయంత్రం ఐదున్నర అయితే వేసవిలో ఇక్కడ రాత్రి 9, చలికాలంలో 10. అందరూ ఫోన్లు పట్టుకునే వేళ. శనివారం పొద్దున్న చేసి చూడు, అప్పుడు బాగుంటే నీ రూటరుకి దోషం లేదు. ఇండియాకి పోయి రావడానికి 130–200 మిల్లీసెకన్లు మామూలే, దానికి కంగారు పడకు. 2024 ఫిబ్రవరిలో, 2025 సెప్టెంబరులో జరిగినట్టు ఎర్ర సముద్రంలో కేబుళ్లు తెగితే ఎవరి చేతిలోనూ ఉండదు. మన విజయనగరం సిరిమానోత్సవం రోజు మూడు లాంతర్ల దగ్గర నుంచి మనవాళ్లు చేసే వీడియో ఆగిపోయిందంటే, అన్ని లక్షలమంది కొద్ది టవర్ల మీద పడ్డారని అర్థం.

మీ అమ్మ దగ్గర ఫైబర్ బాక్సు మీద ఎర్ర లైటు వెలిగిందంటే వెలుగు రావట్లేదు, బయట తీగ తెగినట్టే. దాన్ని ఆపి ఆన్ చేయించకు, కేబుల్ కుర్రాడికి ఫోన్ చేయించు. వచ్చినప్పుడు మీటరుతో వెలుగు బలం రీడింగు చూపించమను. మైనస్ 27 డీబీఎం కిందికి పోతే బలహీనం, మైనస్ 20 దగ్గర ఉంటే నిశ్చింత. ఆ పసుపు తీగని మేకుకి చుట్టేస్తారు చూడు, అది ఒద్దు. వంపు కనీసం టీ గ్లాసు చుట్టుకొలత ఉండాలి. కరెంటు పోయినప్పుడల్లా నెట్టు చచ్చి లేస్తుంటే ఇన్వర్టరు వెనక ఎకో, యూపీఎస్ అని స్విచ్చు ఉంటుంది, యూపీఎస్ వైపు పెట్టించు. అది లేకపోతే 12 వోల్టుల మినీ యూపీఎస్ ఒకటి చాలు. ఇవన్నీ అడిగేముందు, ఈ నెల రీఛార్జి కట్టారో లేదో అడుగు.

ఒకసారి ఒక మార్పే చెయ్యి, రెండ్రోజులు చూడు. ఛానెల్, అడాప్టరు, తీగ ఒకే రోజు మార్చేస్తే దేనివల్ల బాగయ్యిందో తెలీదు. తిరగబెట్టినప్పుడు మళ్లీ మొదటికొస్తావు.

ఆదివారంలోగా ఆ రెండు పింగ్ కిటికీల ఫోటో పంపు. రూటరు కింద బిళ్లది కూడా ఒకటి తియ్యి, పాస్‌వర్డు మీద బొటనవేలు పెట్టి.

మీ మావయ్య