చార్టర్ స్కూల్‌కి ప్రభుత్వం ఇచ్చే డబ్బు లెక్క ఎవరు చూస్తారు?

కొలంబస్‌కి కొత్తగా వచ్చామని, పాపని చార్టర్ స్కూల్‌లో చేర్పించాలనుకుంటున్నామని రాశారు. ఫీజు లేదు, ప్రభుత్వ డబ్బుతోనే నడుస్తుంది, కానీ నడిపేది ప్రైవేటు వాళ్లు, మరి లెక్క అడిగేదెవరు అన్నది మీ ప్రశ్న. మా బాబు ఇక్కడే ఒక చార్టర్ స్కూల్‌లో నాలుగేళ్లు చదివాడు. అడిగేవాళ్లు ఉన్నారండీ. కానీ ఒక గుమ్మం దాటాక వాళ్ల చూపు సరిగా ఆనదు.

ఒహాయో చట్టంలో వీటి పేరు కమ్యూనిటీ స్కూళ్లు. ఎంతమంది పిల్లలుంటే అంత డబ్బు రాష్ట్రం ఇస్తుంది. ప్రతి స్కూల్ మీదా ఒక స్పాన్సర్ సంస్థ ఉంటుంది. పర్యవేక్షణ కోసం అది స్కూల్‌కి వచ్చే రాష్ట్ర నిధుల్లో 3 శాతం దాకా తీసుకోవచ్చు. చూసేవాళ్ల ఖర్చు చూడాల్సిన స్కూల్ నుంచే రావడం నాకు మొదటినుంచీ నచ్చలేదు. స్పాన్సర్ కాక రాష్ట్ర ఆడిటర్ ఆఫీసు ఉంది. అది తానే ఆడిట్ చేస్తుంది, లేదా బయటి అకౌంటింగ్ సంస్థతో చేయిస్తుంది.

ఇంత ఉన్నా ఎలక్ట్రానిక్ క్లాస్‌రూమ్ ఆఫ్ టుమారో సంగతి మన కొలంబస్‌లోనే జరిగింది. అది ఆన్‌లైన్ చార్టర్ స్కూల్, 2000లో మొదలైంది. 2015-16లో 15,000 మందికి పైగా పిల్లలున్నారని డబ్బు తీసుకుంది. రాష్ట్రం లాగిన్ రికార్డులు అడిగితే సుమారు 6,300 మందికే ఆధారాలు దొరికాయి. ఆ ఒక్క ఏడాదికే దాదాపు 6 కోట్ల డాలర్లు వెనక్కి కట్టమన్నారు. చివరికి 2018 జనవరిలో, చదువు సంవత్సరం మధ్యలో, స్కూల్ మూతపడింది. దాదాపు 12,000 మంది పిల్లలు అప్పటికప్పుడు వేరే స్కూళ్లు వెతుక్కోవాల్సి వచ్చింది. ఎన్నో ఏళ్లు ఎవరూ గట్టిగా అడగకపోవడం వల్ల ఆ దెబ్బ పిల్లల మీద పడిందని ఇప్పటికీ బాధగా ఉంటుంది.

ఇక మా అనుభవం. బాబు మూడో క్లాసులో ఉండగా మ్యూజిక్ టీచర్‌ని తీసేశారు. బడ్జెట్ లేదన్నారు. బోర్డు మీటింగ్‌కి ఎవరైనా వెళ్లొచ్చు కాబట్టి వెళ్లాను. పది మంది కూడా లేరు. వెళ్లేముందు ఆడిట్ రిపోర్ట్ తీసి చదివాను. మొదటి పేజీల్లో అంతా సవ్యంగానే ఉంది. చివరి నోట్స్‌కి వచ్చేసరికి విషయం తెలిసింది: వచ్చిన డబ్బులో చాలా భాగం, స్కూల్‌ని రోజువారీగా నడిపే మేనేజ్‌మెంట్ కంపెనీకి వెళ్తోంది. స్కూల్ బిల్డింగ్ ఆ కంపెనీకి సంబంధించినవాళ్లదే, దానికి అద్దె వేరే.

నేను చెప్పిన గుమ్మం ఇదే. డబ్బు స్కూల్ చేతిలో ఉన్నంతవరకూ ప్రజల డబ్బు. కంపెనీకి చెల్లించాక అది కంపెనీ సొమ్మైపోతుంది. వైట్ హ్యాట్ మేనేజ్‌మెంట్ అని ఇక్కడ కొన్ని చార్టర్ స్కూళ్లు నడిపిన కంపెనీ ఉండేది. 2015లో దాని కేసులో ఒహాయో సుప్రీంకోర్టు తీర్పు చూడండి. ఆ స్కూళ్ల కోసం కంపెనీ కొన్న సామాను స్కూళ్లకి కావాలంటే డబ్బిచ్చి కొనుక్కోవాల్సిందే, ఒప్పందంలో అలా ఉంది కాబట్టి. ఆ డబ్బు పన్ను కట్టినవాళ్లదే కదా!

లీజు కాపీ కావాలని రాతపూర్వకంగా అడిగితే ఇచ్చారు. మరో ఇద్దరు తల్లులు నాతో కలిశారు. మూడు మీటింగులకి వెళ్లి అద్దె గురించే అడిగాం. గొంతు వణికేది, టెన్షన్‌గా ఉండేది, అయినా అడిగాం. ఏడాది తర్వాత కొత్త లీజులో అద్దె కొంత తగ్గింది. మ్యూజిక్ టీచర్ మాత్రం తిరిగి రాలేదు.

మీరు చేర్పించేముందు రాష్ట్ర ఆడిటర్ వెబ్‌సైట్‌లో స్కూల్ పేరు కొట్టి చూడండి, రిపోర్టులు దొరుకుతాయి. స్కూల్ ఆదాయంలో 20 శాతం కంటే ఎక్కువ తీసుకునే కంపెనీ ఆ డబ్బు దేనికి ఖర్చుపెట్టిందో వివరంగా చూపాలని ఇక్కడి చట్టం చెప్తోంది. ఆ వివరం నోట్స్‌లో ఉంటుంది. జీతాలకి ఎంత, అద్దెకి ఎంత అన్నది రెండేళ్ల రిపోర్టులు పక్కపక్కన పెట్టుకుని చూడండి. అర్థం కాని లైన్ ఉంటే ఇక్కడ పెట్టండి, కలిసి చదువుదాం.