ప్లగ్ తేదీ ఎవరి లెక్కలో రాశారో అడుగు

చిరంజీవి సుధకు, పెద్దమ్మ ఆశీస్సులు.

వచ్చే సోమవారం బెంగళూరులో ప్రాజెక్ట్ అసిస్టెంట్‌గా చేరుతున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. కడుపులో ఉన్నప్పుడు మెదడు ఎలా తయారవుతుందో చూసే ల్యాబ్ అట, ఎలుక పిండాల మీద పని అట అని తను చెబుతుంటే చాలా సంతోషం వేసింది. ఆ పనిలోనే నేను 26 ఏళ్లు గడిపాను. నీ ఎమ్మెస్సీ పుస్తకాల్లో ఉండనివి, మొదటి ఏడాది నాకు ఎవరూ చెప్పనివి కొన్ని ఉన్నాయి. అవి నీకు ముందే తెలియాలని ఇది రాస్తున్నాను.

మన పనిలో శాంపిల్ అంటే మెదడు ముక్క ఒక్కటే కాదు, దాని వయసు కూడా. ఎలుక గర్భం మొత్తం 19, 20 రోజులే. అందులో కార్టెక్స్ (మెదడు పైభాగం) న్యూరాన్లు, అంటే నాడీ కణాలు, దాదాపు 11వ రోజుకీ 17వ రోజుకీ మధ్య పుట్టేస్తాయి. మొట్టమొదటి కొద్ది కణాలను పక్కన పెడితే, ముందు పుట్టినవి లోపలి పొరల్లో కుదురుకుంటాయి. వెనక పుట్టినవి వాటి మధ్యలోంచి దూరి పైకి వెళ్లి పై పొరలు కడతాయి. 1961లో ఆంజెవిన్, సిడ్మన్ అనే ఇద్దరు కొత్తగా పుట్టే కణాల డీఎన్‌ఏలో చేరే రేడియోధార్మిక థైమిడిన్ ఇచ్చి, ఏ రోజు పుట్టిన కణం ఎక్కడ చేరిందో పట్టుకుని ఈ సంగతి చూపించారు. 12.5 రోజున పుట్టే కణం వేరు, 15.5 రోజున పుట్టే కణం వేరు. మనిషి కడుపులో నెలలు పట్టే పని అక్కడ వారంలో అయిపోతుంది కాబట్టి, నువ్వు ఒక్క రోజు తప్పు రాస్తే నీ స్లైడ్ మీద ఇంకో మెదడే ఉన్నట్టు.

సాయంత్రం ఆడ, మగ ఎలుకలను ఒకే కేజ్‌లో వేస్తారు. మర్నాడు పొద్దున్నే ప్లగ్ చూడాలి, అంటే జత కట్టాక ఆడ ఎలుక యోనిలో గట్టిపడి కనిపించే చిన్న బిరడా. ఆలస్యం చేస్తే అది రాలిపోతుంది, నీకు తేదీ దొరకదు. ప్లగ్ కనిపించిన రోజు మధ్యాహ్నాన్ని 0.5 అనడం చాలా చోట్ల ఉన్న వాడుక. కానీ ఆ రోజునే 1 అని మొదలుపెట్టే ల్యాబులు కూడా ఉన్నాయి. ఈ చిన్న తేడా నన్ను ఎంత ఏడిపించిందో నీకు చెప్పాలి.

నేను రెండో ల్యాబ్‌కు మారిన కొత్తలో, అంతకు ముందు పనిచేసిన అమ్మాయి దాచిపెట్టిన మ్యూటెంట్ (ఒక జీన్ లేని) పిండాల బ్లాకులు, అంటే కోయడానికి గడ్డకట్టించి ఉంచినవి, ఫ్రీజర్‌లో ఉండేవి. డబ్బా మీద 14 అని రాసి ఉంది. వాటికి జోడీగా నార్మల్ పిండాలు లేవని నేనే కొత్తగా 14.5 రోజువి తీశాను. పక్కపక్కన పెట్టి కోసి చూస్తే మ్యూటెంట్ కార్టెక్స్ స్పష్టంగా పలచగా ఉంది. ఆ జీన్ లేకపోతే మెదడు ఎదుగుదల నెమ్మదిస్తోందని నమ్మేశాం. నాలుగు నెలలు రాత్రీ పగలూ అదే పని. పోస్టర్ కూడా సిద్ధమైంది. ఒక రోజు యానిమల్ హౌస్‌లో పాత రిజిస్టర్ తిరగేస్తుంటే, అక్కడ కేజులు చూసుకునే పెద్దాయన నా పక్కన నిలబడి, "ఆ అమ్మాయి ప్లగ్ రోజునే ఒకటి అని లెక్కపెట్టేది మేడమ్" అన్నాడు. అంటే ఆ మ్యూటెంట్లు 13.5 రోజువి. పలచగా ఉన్నది జీన్ వల్ల కాదు, ఒక రోజు చిన్నవి కావడం వల్ల. ఆ సాయంత్రం మా సర్ గదికి వెళ్లి చెప్పడానికి కాళ్లు రాలేదు. చెప్పాను. ఆయన కాసేపు మాట్లాడలేదు, తర్వాత పోస్టర్ ఆపించారు.

అప్పటి నుంచి రెండు పద్ధతులు ఎప్పుడూ వదల్లేదు. ఏ ట్యూబ్ మీదా వయసు ఒక్కటే రాయను. ప్లగ్ చూసిన తేదీ, పిండాలు తీసిన తేదీ, గంట, తల్లి నంబరు, పిండం నంబరు అన్నీ రాస్తాను. అప్పుడు ఏ లెక్క వాడేవాళ్లైనా తమంతట తాము లెక్కపెట్టుకోవచ్చు. రెండోది, మ్యూటెంట్‌కు జోడీ ఎప్పుడూ అదే తల్లి కడుపులోని తోబుట్టువే. రెండు హెటిరోజైగస్ ఎలుకలను, అంటే ఆ జీన్ రెండు ప్రతుల్లో ఒకటే చెడినవాటిని, కలిపితే నాలుగింట ఒకటి మాత్రమే మ్యూటెంట్ వస్తుంది. ఒక కాన్పులో ఆరో ఎనిమిదో పిండాలు ఉంటాయి, ఒక్కోసారి ఒక్క మ్యూటెంట్ కూడా రాదు. అప్పుడు పక్క కాన్పు నుంచి తెచ్చుకుందామని చేయి లాగుతుంది. లాగనివ్వకు.

స్లైడ్ మీద పెన్సిల్‌తోనే రాయి. పెన్ను సిరా ఆల్కహాల్ తగిలితే కరిగిపోతుంది, ఏది ఎవరిదో తెలియని స్లైడ్లు నీ చేతిలో మిగులుతాయి.

ఇక చేతి పని సంగతి. నాలుగు శాతం పీఎఫ్ఏ (పారాఫార్మాల్డిహైడ్, కణజాలం చెడకుండా ఉన్నదున్నట్టు నిలిపే, అంటే ఫిక్స్ చేసే మందు) కలపడం మొదటి వారంలోనే నీకు అప్పగిస్తారు. ఫ్యూమ్ హుడ్ లోపలే కలుపు. వేడి 60 డిగ్రీలు దాటనివ్వకు. తెల్లగా ఉన్న నీళ్లు తేటపడకపోతే కొద్ది చుక్కల సోడియం హైడ్రాక్సైడ్ చాలు, తర్వాత చల్లార్చి పీహెచ్ 7.4కు తెచ్చుకో. కళ్లు మండాయంటే ఎక్కడో తప్పు చేస్తున్నావని అర్థం, ఓర్చుకోకు. ఫిక్స్ అయిన మెదడును 30 శాతం సుక్రోజ్ (చక్కెర) ద్రావణంలో వేసినప్పుడు ముందు తేలుతుంది. అది అడుగుకు మునిగేదాకా ఆగాలి. ఎవరైనా తొందరపెట్టినా ఆగు. నీరు మిగిలిపోతే గడ్డకట్టేటప్పుడు మంచు పలుకులు కణజాలం నిండా చిల్లులు పెడతాయి. ఆ చిల్లులను తర్వాత ఎంత మంచి మైక్రోస్కోపూ పూడ్చలేదు. క్రయోస్టాట్ (గడ్డకట్టిన కణజాలాన్ని పలచగా కోసే యంత్రం) దగ్గర బ్లాక్ మార్చే ముందు చక్రం లాక్ చెయ్యి, బ్లేడ్ మీద కవచం దించు. చలికి వేళ్లు మొద్దుబారితే తెగింది కూడా తెలియదు.

మొదటి యాంటీబాడీ నువ్వు వెతికే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది, దాన్ని పట్టుకుని వెలిగేది సెకండరీ. యాంటీబాడీ వేసిన ప్రతిసారీ ఒక స్లైడ్‌కు సెకండరీ మాత్రమే వెయ్యి. అది కూడా వెలుగుతుంటే నువ్వు చూసే అందమైన ఎరుపు అబద్ధం. కణాలు లెక్కపెట్టేటప్పుడు ఏది మ్యూటెంటో నీకు తెలియకూడదు. పక్కనున్న స్నేహితురాలితో ఫైళ్ల పేర్లు మార్పించుకో. మోసం చేస్తావని కాదమ్మా, ఇది లెక్కకు వస్తుందా రాదా అని సందేహం కలిగిన ప్రతి కణం దగ్గరా మనసు తను కోరుకున్న వైపే ఒరుగుతుంది. నా మనసూ ఒరిగింది.

మీ అమ్మ గొంతు తగ్గించి ఇంకోటి అడిగింది, "దానితో ఎలుకలను చంపిస్తారా అక్కా?" అని. అవును, చంపాలి. దీన్ని నీకు దాచను. మన దేశంలో ప్రతి ప్రయోగానికీ సంస్థలోని జంతు నైతిక కమిటీ అనుమతి ఉండాలి, ఎన్ని జంతువులో ముందే లెక్క చెప్పాలి. వీలైతే జంతువు లేకుండా చెయ్యడం, కాకపోతే తక్కువతో చెయ్యడం, బాధ తగ్గించడం అనే మూడు సూత్రాలను రసెల్, బర్చ్ 1959లోనే రాసిపెట్టారు. శిక్షణ పూర్తిగా రాకముందు ఎవరు చెప్పినా చెయ్యి వెయ్యకు. నేర్పిన వాళ్లు నీ పక్కన నిలబడి చూసి సరే అన్నాకే ఒంటరిగా చెయ్యి. మొదటి రోజు రాత్రి నాకు అన్నం సహించలేదు. నీకూ అలా అయితే ల్యాబ్‌లో ఒకరికైనా చెప్పు, లోపల దాచుకుంటే చేతులు వణుకుతాయి, ఆ వణుకుకు బాధపడేది జంతువే.

యానిమల్ హౌస్‌లో పనిచేసేవాళ్లను పేరు పెట్టి పిలువు, తీరిగ్గా మాట్లాడు. నన్ను కాపాడింది అలాంటి ఒకాయనే. రీలర్ అనే ఎలుక కథ నువ్వు చదివే ఉంటావు. తూలుతూ నడిచే ఎలుకలను ఎడిన్‌బరోలో గమనించి 1951లో ఫాల్కనర్ వాటి గురించి రాశాడు. వాటి కార్టెక్స్‌లో పొరలు తలకిందులుగా ఉంటాయి. కారణమైన జీన్ 1995లో దొరికింది. అదంతా మొదలైంది కేజ్‌లో నడక తేడాగా ఉందని ఒక మనిషి ఆగి చూడటంతో.

మన ఇళ్లల్లో ఆడపిల్లకు అడగడం నేర్పలేదు, అందుకని చివరికి ఇది కూడా రాస్తున్నాను. పేపర్‌లో నీ పేరు ఉంటుందా, ఎప్పుడు ఉంటుంది అన్న మాట రెండు మూడు నెలల్లోపే, మర్యాదగా, నేరుగా మీ మేడమ్‌ను అడుగు. హిల్డె మాంగోల్డ్ అనే అమ్మాయి తన పీహెచ్‌డీ కోసం లేత రంగు న్యూట్ (బల్లిలా ఉండే ఉభయచరం) పిండం నుంచి చిటికెడు కణజాలం తీసి ముదురు రంగు పిండంలో అతికించింది. అక్కడ రెండో నాడీ నాళం, అంటే మెదడూ వెన్నుపామూ అయ్యే గొట్టం, మొలిచింది. రంగు తేడా వల్లే ఏ కణం ఎవరిదో తెలిసింది. చాలా పిండాలు చచ్చిపోతుంటే కొద్దివాటినే బతికించుకోగలిగింది. 1924లో ఆ పేపర్ అచ్చయింది, అదే ఏడాది మంటల ప్రమాదంలో 25 ఏళ్లకే ఆమె పోయింది. 1935లో నోబెల్ ఆమె గురువు స్పీమన్‌కు వచ్చింది. పేపర్ మీద ఆమె పేరు ఉంది కాబట్టే నేను ఈరోజు నీకు ఆ పేరు చెప్పగలుగుతున్నాను.

డబ్బు గురించి ఒక్క మాట. గ్రాంట్ ఆలస్యమైతే జీతం కూడా ఆలస్యం కావచ్చు. మూడు నెలల ఖర్చు చేతిలో ఉంచుకో, లేకపోతే మొహమాటపడకుండా నాకు చెప్పు.

నీ చేతులతో కోసిన మొదటి సెక్షన్ మైక్రోస్కోప్ కింద పెట్టి, చీకటి గదిలో డాపి (కణకేంద్రకాలకు పట్టే రంగు) నీలం వెలిగాక కార్టెక్స్ అంచు కనిపిస్తుంది. ఫొటో తీసి పంపకు, అది ల్యాబ్ డేటా. ఎంత రాత్రి అయినా ఫోన్ చెయ్యి, ఏం కనిపిస్తోందో నోటితో చెప్పు, వింటాను.

నీ పెద్దమ్మ