ఎంటెక్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌కు పాత ల్యాప్‌టాప్ సరిపోతుందా?

ప్రశ్న: మాది మిర్యాలగూడ. బీటెక్ పూర్తయింది, ఎంటెక్ సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్‌లో చేరాలనుకుంటున్నాను. నా ల్యాప్‌టాప్‌లో ఇంటెల్ ఆరో తరం ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, హార్డ్‌డిస్క్ ఉన్నాయి. కొత్తది కొనక తప్పదా? చేరేలోపు ఏం నేర్చుకోవాలి?

జవాబు: ఇప్పుడే కొనవలసిన అవసరం లేదు. హార్డ్‌డిస్క్ స్థానంలో దానికన్నా చాలా వేగంగా పనిచేసే ఎస్‌ఎస్‌డీ పెట్టించి, ర్యామ్‌ను 8 జీబీకి, వీలైతే 16 జీబీకి పెంచుకుంటే ఈ చదువుకు చాలావరకు సరిపోతుంది. అయితే ర్యామ్‌ను విడిగా మార్చుకునే వీలుందో, బోర్డుకే అతికించి వచ్చిందో ముందే మెకానిక్‌తో విప్పించి చూసుకోండి. ఆరో తరం ప్రాసెసర్లు విండోస్ 11 మద్దతు జాబితాలో లేవు, విండోస్ 10కు సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. కాబట్టి ముఖ్యమైన ఫైళ్లను వేరేచోట భద్రపరచుకుని, విండోస్‌కు బదులు ఉచితంగా దొరికే ఉబుంటు వంటి లినక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ వేసుకోవడం మేలు.

ఇక రెండో ప్రశ్న నా దృష్టిలో మొదటిదానికన్నా ముఖ్యమైనది. 1968లో జర్మనీలోని గార్మిష్‌లో నాటో ఏర్పాటుచేసిన సాఫ్ట్‌వేర్ ఇంజినీరింగ్ సదస్సులో నిపుణులు చర్చించినది ప్రోగ్రాం రాయడం గురించి మాత్రమే కాదు. పెద్ద సాఫ్ట్‌వేర్లు గడువు దాటిపోవడం, ఖర్చు పెరిగిపోవడం, తప్పులతో చేతికందడం గురించి. మీరు చదవబోయేదీ అదే. దానికి మీ ఊళ్లోనే మంచి పాఠం దొరుకుతుంది. తెలిసిన రైసు మిల్లులో గుమాస్తా పక్కన కూర్చుని, ధాన్యం ట్రాక్టరు వేబ్రిడ్జి ఎక్కినప్పటి నుంచి రైతు చేతికి చిట్టీ అందేవరకు జరిగే పనిని వరుసగా రాసుకుని, ఆ లెక్క చేసే చిన్న ప్రోగ్రాం రాయండి. లోడుతో తూకం 82 క్వింటాళ్లు, ఖాళీ బండి 32, తరుగు క్వింటాలుకు 2 కిలోలు అనుకుంటే నికరం 49 క్వింటాళ్లు రావాలి. ఇది మీ మొదటి టెస్టు, అంటే ప్రోగ్రాం సరిగా పనిచేస్తోందో లేదో చూసే పరీక్ష. పొరపాటున ఖాళీ బండి బరువు లోడుతో తూకం కన్నా ఎక్కువగా నమోదైతే ప్రోగ్రాం ఒప్పుకోకూడదు, ఇది రెండోది. వచ్చే సీజనులో తరుగు మారితే పాత చిట్టీల లెక్క చెదరకూడదు గనుక, ఆ అంకెను కోడ్‌లో పాతిపెట్టకుండా అమలు తేదీతో సహా డేటాబేస్‌లో ఉంచాలి. రైతు కష్టార్జితం ఆ ఒక్క అంకె మీద ఆధారపడి ఉంటుందని గుర్తుంచుకుంటే, టెస్టులు ఎందుకు రాయాలో ఎవరూ వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి మార్పునూ, ఎందుకు చేశారో ఒక వాక్యంతో సహా, కోడ్‌లో మార్పుల చరిత్రను భద్రపరిచే గిట్‌లో నమోదు చేయండి.

సీటు రాష్ట్ర ప్రవేశపరీక్ష పీజీఈసెట్ ద్వారా వచ్చే అవకాశం ఉన్నా జాతీయస్థాయి పరీక్ష గేట్ కూడా రాయండి. గేట్ స్కోరు మూడేళ్లు చెల్లుతుంది. ఆ స్కోరుతో సాంకేతిక విద్యను నియంత్రించే జాతీయ మండలి ఏఐసీటీఈ గుర్తింపు ఉన్న కోర్సులో పూర్తికాల విద్యార్థిగా చేరి, ఇతర నిబంధనలకూ లోబడినవారికి నెలకు 12,400 రూపాయల ఉపకారవేతనం లభిస్తుంది. కొత్త ల్యాప్‌టాప్ సంగతి అప్పుడు ఆలోచించుకోవచ్చు.